సువర్ణ అల్లాడి డిమెన్షియా పరిశోధనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

"రెండు భాషలు మాట్లాడేవాళ్లకు మతిమరుపు జబ్బు రాదట కదా" అనే మాట కొన్నేళ్లుగా మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. దానికి ఆధారంగా చూపే పరిశోధనల్లో ముఖ్యమైనది 2013లో హైదరాబాద్ నుంచి, సువర్ణ అల్లాడి బృందం పనిగా వెలువడింది. అందులో చెప్పింది మాత్రం సరిగ్గా ఆ మాట కాదు. భాషాశాస్త్రం చదివే విద్యార్థులు, ఇంట్లో పెద్దవారిని చూసుకుంటున్న కొడుకులూ కోడళ్లూ కూతుళ్లూ, విదేశాల్లో పిల్లలకు తెలుగు నేర్పుతున్న తల్లిదండ్రులు అడిగే సందేహాలు చాలావరకు ఇవే కావడంతో, వాటిని వారి మాటల్లోనే ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నను విడిగా చదువుకోవచ్చు.

## మొదటిసారి వింటున్నవారికి

అసలు సువర్ణ అల్లాడి ఎవరు? ఆమె పేరు ఇంతగా ఎందుకు వినిపిస్తుంది?

సువర్ణ అల్లాడి నాడీ వైద్య నిపుణురాలు. హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో పనిచేసిన కాలంలో అక్కడి మెమరీ క్లినిక్‌కు వచ్చిన రోగుల వివరాలను ఏళ్ల తరబడి పద్ధతిగా నమోదు చేస్తూ పరిశోధన సాగించారు. ఆ తరువాత బెంగళూరులోని నిమ్హాన్స్‌లో న్యూరాలజీ ఆచార్యులుగా పనిచేస్తున్నారు. అంతకుముందు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జాన్ హాడ్జెస్ బృందంతో కలిసి చేసిన పని 2007లో 'బ్రెయిన్' పత్రికలో వచ్చింది. మరణానంతరం మెదడు పరీక్ష జరిగిన 100 మంది రోగులను తీసుకుని, అల్జీమర్స్ వ్యాధి ఎప్పుడూ జ్ఞాపకశక్తి లోపంతోనే బయటపడదని, కొందరిలో మాట తడబడటంతోనో, చూపు బాగానే ఉన్నా చూసినదాన్ని పోల్చుకోలేకపోవడంతోనో మొదలవుతుందని ఆ పత్రం చూపింది. సామాన్య పాఠకులకు ఆమె పేరు తెలిసింది మాత్రం ద్విభాషుల మీద, అంటే రెండు భాషలు మాట్లాడేవారి మీద చేసిన హైదరాబాద్ అధ్యయనంతోనే.

డిమెన్షియా, అల్జీమర్స్ రెండూ ఒకటేనా?

కావు. ఆలోచన, జ్ఞాపకం, భాష, నడవడిక వంటివి రోజువారీ జీవితానికి అడ్డం పడేంతగా దెబ్బతిన్న స్థితిని డిమెన్షియా అంటారు. ఆ స్థితికి దారితీసే వ్యాధుల్లో అల్జీమర్స్ ముఖ్యమైనది. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చేది వాస్క్యులర్ డిమెన్షియా. మెదడు ముందు భాగాలు, కణత వైపు భాగాలు క్షీణించడం వల్ల వచ్చేది ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా. ఇందులో తొలి దశలో జ్ఞాపకం బాగానే ఉండి, మనిషి స్వభావమో మాటో మారిపోవచ్చు. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 347 మంది డిమెన్షియా రోగులను రకాలవారీగా వర్గీకరించి అల్లాడి బృందం 2011లో ఒక పత్రం ప్రచురించింది. మన ఆసుపత్రులకు ఎలాంటి రోగులు వస్తున్నారో చెప్పే అలాంటి ప్రాథమిక లెక్కలు లేకుండా తరువాతి ప్రశ్నలేవీ వేయలేం.

2013 పత్రంలో ఏం తేలింది? క్లుప్తంగా చెప్పండి.

నిమ్స్‌లో డిమెన్షియా నిర్ధారణ అయిన 648 మందిని పరిశీలించారు. వారిలో 391 మంది ద్విభాషులు. ఒకే భాష మాట్లాడేవారిలో తొలి లక్షణాలు సగటున 61.1 ఏళ్లకు కనిపిస్తే, ద్విభాషుల్లో 65.6 ఏళ్లకు కనిపించాయి. అంటే తేడా నాలుగున్నరేళ్లు. చదువు, వృత్తి, స్త్రీ పురుష భేదం, ఊరా పట్నమా అన్న అంశాలను లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆ తేడా నిలిచింది. 'న్యూరాలజీ' పత్రికలో వచ్చిన ఆ పత్రం ద్విభాషులకు డిమెన్షియా రాదని ఎక్కడా చెప్పలేదు. ఆ 391 మందికీ వ్యాధి వచ్చింది, కాకపోతే ఆలస్యంగా వచ్చింది.

నాలుగున్నరేళ్లు ఆలస్యమైతే ఏమంత గొప్ప? చివరికి వచ్చేదే కదా?

ఇంట్లో ఈ జబ్బును చూసినవారు ఈ ప్రశ్న వేయరు. నాలుగున్నరేళ్లంటే ఒక తండ్రి తన పింఛను పనులు తాను చూసుకునే కాలం, మనవరాలిని పేరు పెట్టి పిలిచే కాలం. సమాజం లెక్కలో చూసినా అది చిన్నది కాదు. వ్యాధి ప్రారంభం అయిదేళ్లు వెనక్కి జరిగితే, కాలక్రమంలో రోగుల సంఖ్య దాదాపు సగానికి తగ్గవచ్చని 1998లో రాన్ బ్రూక్‌మేయర్ బృందం అమెరికా జనాభాకు అంచనా కట్టింది. డిమెన్షియా ఎక్కువగా జీవితపు చివరి దశలో వచ్చే వ్యాధి కావడం వల్ల, మొదలయ్యే వయసు కాస్త జరిగినా దాని బారిన పడకుండానే జీవితం ముగించేవారు ఎందరో ఉంటారు.

ఈ సంగతి అంతకుముందు ఎవరూ గమనించలేదా?

గమనించారు. కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్, ఫెర్గస్ క్రెయిక్, మోరిస్ ఫ్రీడ్‌మన్ 2007లో 184 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, ద్విభాషుల్లో లక్షణాలు దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని ప్రకటించారు. దారి తెరిచిన ఘనత వారిదే. అయితే వారి ద్విభాషుల్లో ఎక్కువమంది ఇతర దేశాల నుంచి వచ్చి స్థిరపడినవారు. కొత్త దేశానికి తరలి వెళ్లగలిగినవారు మొదటినుంచీ ఆరోగ్యవంతులు, చురుకైనవారు అయి ఉండవచ్చు. వారి తిండి వేరు, జీవన విధానం వేరు. వ్యాధిని వెనక్కి నెట్టింది రెండో భాషా, వలసతో వచ్చిన మరేదైనా కారణమా అన్నది ఆ సమాచారంతో తేలలేదు.

ఆ చిక్కుముడి విప్పడానికి హైదరాబాదే ఎందుకు కావలసి వచ్చింది?

ఈ పరిశోధనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే అంశం ఇదే. హైదరాబాద్‌లో రెండు భాషలు రావడానికి సముద్రాలు దాటనక్కరలేదు, బడికి వెళ్లనూ అక్కరలేదు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఆవిడ గుమ్మంలోకి వచ్చి తోపుడుబండి అతనితో "భయ్యా, టమాటా కైసే?" అని బేరమాడుతుంది, గోడ అవతలి ఇంటావిడతో దక్కనీలో కష్టసుఖాలు చెప్పుకుంటుంది, వెనుదిరిగి కోడలిని తెలుగులో పిలుస్తుంది. ఆమె ఏనాడూ పలక పట్టి ఉండకపోవచ్చు. ఆమె పక్కింట్లోనే, అదే నీళ్లు తాగుతూ, తెలుగు ఒక్కటే మాట్లాడే మరొక ఆవిడ ఉంటుంది.

పాశ్చాత్య నగరాల్లో ద్విభాషులంటే చాలాచోట్ల వలస వచ్చినవారో, బాగా చదువుకున్నవారో అవుతారు. వలస, చదువు, భాష మూడూ ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటే దేని ప్రభావం ఎంతో విడదీయడం కష్టం. హైదరాబాద్‌లో అవి విడివిడిగా దొరుకుతాయి. తోచిన చోటల్లా భాష మార్చడం మన నగరానికి వింత కాదు గనుక మనం దాన్ని ఎన్నడూ శాస్త్ర విషయంగా చూడలేదు. అల్లాడి బృందం చూసింది. పత్రం పేరులోనే "చదువుతోనూ వలసతోనూ నిమిత్తం లేకుండా" అన్న అర్థం వచ్చే మాటలు పెట్టారు.

## పత్రాన్ని నిదానంగా చదువుతున్నవారికి

మా అమ్మకు హిందీ అర్థమవుతుంది గానీ మాట్లాడలేదు. ఆమె ద్విభాషి కిందికి వస్తుందా?

ఈ అధ్యయనం వాడిన నిర్వచనం ప్రకారం రావడం కష్టం. రోజువారీ జీవితంలో తన అవసరాలనూ చుట్టూ ఉన్న సమాజం అవసరాలనూ రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషల్లో మాట్లాడి నెరవేర్చుకోగలిగిన వ్యక్తిని ద్విభాషిగా పరిగణించారు. భారతీయ బహుభాషా పరిశోధకుడు అజిత్ మొహంతి ప్రతిపాదించిన నిర్వచనం ఇది. వ్యాకరణ పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయి, ఉచ్చారణ ఎంత శుద్ధంగా ఉంది అన్నవి ఇందులో లేవు. టీవీ సీరియల్ అర్థమైతే చాలదు, అలాగని పుస్తకం చదవగలగాలన్న నియమమూ లేదు. మన సమాజానికి ఇది సరిపోయే కొలబద్ద అని నా అభిప్రాయం.

జబ్బు ఎప్పుడు మొదలైందో ఎలా చెప్పగలిగారు? అది ఒక్కరోజులో వచ్చేది కాదు కదా?

రోగిని దగ్గర నుంచి గమనించిన కుటుంబ సభ్యులను అడిగి, డిమెన్షియాను సూచించే తొలి లక్షణం కనిపించిన వయసును ప్రారంభ వయసుగా తీసుకున్నారు. మన ఇళ్లలో ఇలాంటి సంగతులు తేదీలతో గుర్తుండవు, పండుగలతోనూ శుభకార్యాలతోనూ గుర్తుంటాయి. "పోయిన సంక్రాంతికి అరిసెల పాకం తనే చూసింది, ఉగాదికి పచ్చడిలో ఏమేం వేయాలో నన్ను అడిగింది" అని ఒక కోడలు చెప్పే మాటలో వైద్యుడికి కావలసిన కాలం దొరుకుతుంది.

ఈ పద్ధతిలో లోపం ఉంది. జ్ఞాపకం మీద ఆధారపడిన ఏ సమాచారమైనా కొంత అటూ ఇటూ అవుతుంది, ఉమ్మడి కుటుంబంలో పనులు పంచుకునే పెద్దవారిలో తొలి లక్షణాలు ఆలస్యంగా కంటపడవచ్చు కూడా. ఏకభాషుల కుటుంబాలనూ ద్విభాషుల కుటుంబాలనూ ఒకే తీరులో అడిగారు గనుక ఆ పొరపాటు ఒక పక్షానికే మొగ్గడానికి బలమైన కారణం నాకు కనిపించదు. అయినా నాలుగున్నరేళ్లన్న అంకెను గడియారంలో సమయంలా కాక, ఒక అంచనాగానే చదవాలి.

చదువురానివాళ్లలో ఆరేళ్ల తేడా ఉందట. నిజమేనా?

నిజమే. ఆ 648 మందిలో సుమారు 14 శాతం మంది నిరక్షరాస్యులు. వారిని విడిగా చూసినప్పుడు ఒకే భాష వచ్చినవారిలో సగటున 59 ఏళ్లకు, రెండు భాషలు వచ్చినవారిలో 65 ఏళ్లకు లక్షణాలు మొదలయ్యాయి. ఈ భాగం బరువు అంకెలో కంటే అది కొట్టివేసిన సందేహంలో ఉంది. చదువు మెదడుకు రక్షణ ఇస్తుందన్న సంగతి అంతకుముందే స్థిరపడింది కాబట్టి, ద్విభాషుల్లో కనిపించే లాభం నిజానికి చదువు లాభమేనని వాదించడం సులభం. బడి ముఖం చూడనివారిలో కూడా తేడా కనిపించినప్పుడు ఆ వాదన నిలవదు. పాశ్చాత్య పరిశోధనల్లో నిరక్షరాస్యులు చాలా అరుదుగా కనిపిస్తారు. ఇక్కడ సంతకం కూడా రాని పెద్దవారి జీవితాలు ఒక అంతర్జాతీయ చర్చలో సాక్ష్యంగా నిలబడ్డాయి.

మూడు, నాలుగు భాషలు వస్తే లాభం ఇంకా పెరుగుతుందా?

ఈ అధ్యయనంలో పెరగలేదు. రెండు భాషలు వచ్చినవారికీ అంతకుమించి వచ్చినవారికీ మధ్య అదనపు తేడా కనిపించలేదు.

అన్ని రకాల డిమెన్షియాలోనూ ఆలస్యం ఒకేలా ఉందా?

లేదు. అల్జీమర్స్ రోగుల్లో తేడా 3.2 ఏళ్లు, వాస్క్యులర్ డిమెన్షియాలో 3.7 ఏళ్లు, ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియాలో 6 ఏళ్లు. ఈ మూడోదాన్ని అల్లాడి బృందం మరింత లోతుగా చూసి 2017లో 193 మంది రోగులతో మరో పత్రం వెలువరించింది. నడవడిక మారిపోయే రకంలో ద్విభాషులకు జబ్బు దాదాపు ఆరేళ్లు ఆలస్యంగా మొదలైంది. మాటే దెబ్బతినే రకాల్లో మాత్రం అలాంటి ఆలస్యం కనిపించలేదు. భాషలు ఎక్కువ వస్తే భాషకే రక్షణ దొరుకుతుందని ఎవరైనా ఊహిస్తారు. ఫలితం అందుకు భిన్నంగా వచ్చింది. లాభం మాటల భాండాగారంలో లేదనీ, ఒకదాన్ని అణిచి మరొకదాన్ని ఎంచుకునే నియంత్రణ శక్తిలో ఉండవచ్చనీ అది సూచిస్తుంది.

రెండు భాషలు మాట్లాడితే మెదడులో ఏం జరుగుతుందంటారు?

ద్విభాషి నోరు విప్పిన ప్రతిసారీ రెండు భాషలూ మెదడులో మేలుకునే ఉంటాయి. ఎదుటివారిని బట్టి ఒకదాన్ని వెనక్కి నెట్టి ఇంకొకదాన్ని ముందుకు తేవాలి. జీవితమంతా సాగే ఈ ఎంపిక ధ్యాసనూ నియంత్రణనూ సాధన చేయిస్తుందని ఒక వివరణ. మెదడులో వ్యాధి పెరుగుతున్నా పనితీరు కొంతకాలం పడిపోకుండా కాపాడే ఈ సామర్థ్యాన్ని కాగ్నిటివ్ రిజర్వ్ అంటారు. ఈ భావనను విస్తృతంగా అభివృద్ధి చేసినవారు న్యూయార్క్‌లోని యాకోవ్ స్టెర్న్.

దీనికి మెదడు చిత్రాల నుంచి కొంత బలం ఉంది. ఉత్తర ఇటలీలో డానియేలా పెరాని బృందం 2017లో 85 మంది అల్జీమర్స్ రోగుల మెదళ్లను పెట్ స్కాన్‌తో పరిశీలించింది. జర్మన్, ఇటాలియన్ రెండూ మాట్లాడే ద్విభాషులు ఏకభాషులకంటే సగటున అయిదేళ్లు పెద్దవారు, వారి మెదడు వాడుకునే గ్లూకోజ్ మరింత ఎక్కువగా పడిపోయి ఉంది. అయినా జ్ఞాపకశక్తి పరీక్షల్లో కొన్నిటిలో వారే మెరుగ్గా ఉన్నారు. పైకప్పు ఎక్కువగా కురుస్తున్నా ఇల్లు సర్దుకుని బతుకుతున్న సంసారం లాంటిది ఆ మెదడు.

పక్షవాతం వచ్చినవారి మీద కూడా అధ్యయనం చేశారట, అందులో ఏముంది?

నిమ్స్ స్ట్రోక్ రిజిస్ట్రీలోని 608 మంది రోగుల వివరాలతో 2016లో 'స్ట్రోక్' పత్రికలో ఆ పత్రం వచ్చింది. స్ట్రోక్ తరువాత ఆలోచనాశక్తి మామూలుగా మిగిలినవారు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం. మాట పడిపోయే అఫేసియా విషయంలో మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. స్ట్రోక్ ఒక్కసారిగా జరిగే దెబ్బ కాబట్టి, ఎప్పుడు మొదలైందన్న సందేహానికి ఇందులో తావు తక్కువ.

## విమర్శలు చదివి సందేహంలో పడినవారికి

తెలివైనవాళ్లే రెండు భాషలు నేర్చుకుంటారేమో! అప్పుడు లాభం తెలివిదే అవుతుంది కదా?

ఇది గట్టి ప్రశ్న. దీనికి జవాబు కావాలంటే భాషలు నేర్వకముందు తెలివి ఎంత ఉందో తెలిసి ఉండాలి. హైదరాబాద్ పత్రంలో అల్లాడితో కలిసి పనిచేసిన థామస్ బాక్ ఎడిన్‌బరోలో అలాంటి సమాచారంతో పనిచేశారు. స్కాట్లండులో 1936లో పుట్టిన పిల్లలకు 1947లో, 11 ఏళ్ల వయసులో ప్రజ్ఞా పరీక్ష జరిగింది. వారిలో 853 మందిని డెబ్బై దాటిన తరువాత 2008, 2010 మధ్య మళ్లీ పరీక్షించారు. చిన్ననాటి మార్కులను బట్టి ఊహించినదానికంటే, ఇంగ్లీషు కాక మరో భాష వచ్చినవారు మెరుగ్గా ఉన్నారు. ఆ అధ్యయనం డిమెన్షియా మీద కాదు, సాధారణ వృద్ధాప్యంలో ఆలోచనాశక్తి మీద. అందుచేత సందేహం బాగా తగ్గింది, పూర్తిగా తొలగిపోలేదు. హైదరాబాద్ వీధుల్లో రెండో భాష తెలివితేటలతో ఎంచుకునేది కాదని, పుట్టి పెరిగిన పేటను బట్టి అబ్బేదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇతర దేశాల్లో ఈ ఫలితం రాలేదని చదివాను. ఎవరిని నమ్మాలి?

రెండు రకాల అధ్యయనాలు రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబిస్తున్నాయని గ్రహిస్తే గందరగోళం చాలావరకు తీరుతుంది. రోగులను తీసుకుని "మీకు ఏ వయసులో మొదలైంది?" అని వెనక్కి చూసే అధ్యయనాల్లో ఆలస్యం తరచుగా కనిపిస్తుంది. ఆరోగ్యవంతులను తీసుకుని ఏళ్లపాటు వెంబడించి "ఎందరికి వ్యాధి వచ్చింది?" అని చూసే అధ్యయనాల్లో రక్షణ స్పష్టంగా కనిపించలేదు. న్యూయార్క్ మన్‌హాటన్ ఉత్తర భాగంలో స్పానిష్ మాట్లాడే వలసదారులను వెంబడించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో ద్విభాషులకు డిమెన్షియా తక్కువగా రాలేదు. లండన్‌కు చెందిన నహీద్ ముకదమ్ బృందం 2017లో ఇలా ఏళ్లపాటు వెంబడించిన అధ్యయనాలను కలిపి చూసి, రక్షణ ఉందనడానికి ఆధారం లేదని తేల్చింది.

ఈ విమర్శను పక్కన పెట్టి హైదరాబాద్ అంకెను మాత్రమే ఎత్తి చూపడం ఆ పరిశోధనకు మేలు చేయదు. నా అంచనా ఇది: భాషలు వ్యాధిని అడ్డుకుంటాయని చెప్పలేం, లక్షణాలను కొంతకాలం ఆపగలవని చెప్పడానికి మాత్రం మంచి ఆధారం ఉంది. ఆ ప్రభావం కూడా సమాజాన్ని బట్టి మారవచ్చు. రెండో భాషను ఎప్పుడో ఒకసారి వాడే ఊరికీ, రోజుకు ఇరవైసార్లు భాష మార్చే ఊరికీ ఒకే ఫలితం ఆశించలేం.

ఆసుపత్రికి వచ్చినవాళ్లను చూసి సమాజం మొత్తం గురించి ఎలా చెబుతారు?

ఆసుపత్రి రోగులు సమాజానికి సరైన నమూనా కారు. పెద్ద ఆసుపత్రి దాకా వచ్చేవారికి డబ్బో, తోడో, ప్రయాణం చేయించే కొడుకో ఉండాలి. 2013 పత్రానికి ఉన్న పెద్ద పరిమితి ఇదే. అల్లాడి బృందం తరువాత ఇళ్లకే వెళ్లి చూసింది. బెంగళూరు నగరంలో 60 ఏళ్లు, ఆపై వయసున్న 1,234 మందితో చేసిన ఆ అధ్యయనం 2024లో వచ్చింది. ఏకభాషుల్లో 4.9 శాతం మందిలో, ద్విభాషుల్లో 0.4 శాతం మందిలో డిమెన్షియా కనిపించింది. ఇదీ ఒక కాలంలో తీసిన చిత్రమే. అదే మనుషులను ఏళ్లపాటు వెంబడిస్తే వచ్చే జవాబు దీనికంటే బలంగా ఉంటుంది. తన పని మీద వచ్చిన విమర్శకు ఒక పరిశోధక బృందం మరో అధ్యయనంతో జవాబివ్వడం నాకు గౌరవం కలిగించే విషయం.

## పరిశోధన ప్రభావాన్ని అంచనా వేస్తున్నవారికి

హెచ్-ఇండెక్స్ చూస్తే శాస్త్రవేత్త స్థాయి తెలిసిపోదా?

భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ సూచిక లెక్క సులభం. ఒకరి పత్రాల్లో 20 పత్రాలను ఒక్కొక్కదాన్ని కనీసం 20 సార్లు ఇతరులు ఉదహరించి ఉంటే, 21 పత్రాలను ఒక్కొక్కదాన్ని కనీసం 21 సార్లు ఉదహరించి ఉండకపోతే, ఆ సూచిక 20 అవుతుంది. ఎంత రాశారు, ఎందరు పట్టించుకున్నారు అన్నదాన్ని అది ఒక అంకెలో చెబుతుంది. ఒప్పుకుంటూ ఉదహరించారా, ఖండిస్తూ ఉదహరించారా అన్నది చెప్పదు. తెలుగు మాత్రమే వచ్చిన పెద్దావిడకు సరైన పరీక్ష దొరికిందా అన్నదీ చెప్పదు. పత్రికల పేరుప్రతిష్ఠల అంకెలతో పరిశోధకులను తూచవద్దని కోరే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2012లో రూపొందింది. అల్లాడి వంటివారి విషయంలో ఆ సూచన మరింత సబబు, ఎందుకంటే ఆమె పనిలో పెద్ద భాగం క్లినిక్‌లో వాడే పనిముట్ల తయారీ.

తెలుగులో పరీక్ష తయారు చేయడం కూడా పరిశోధనేనా? ఇంగ్లీషు పరీక్షను అనువదిస్తే సరిపోదా?

సరిపోదు. ఎందుకు సరిపోదో ఒక పరీక్షను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. అడెన్‌బ్రూక్స్ కాగ్నిటివ్ ఎగ్జామినేషన్ ఆలోచనాశక్తిని కొలిచే, కేంబ్రిడ్జిలో పుట్టిన పరీక్ష. ఇక్కడ చూసేది దాని మూడో రూపం. మొత్తం 100 మార్కులు: ధ్యాసకు 18, జ్ఞాపకానికి 26, మాటల ధారకు 14, భాషకు 26, దృశ్య గ్రహణానికి 16. మూల పరీక్షలో చూపే బొమ్మల్లో కంగారూ, పెంగ్విన్, హార్ప్, అకార్డియన్, ఓడ లంగరు ఉంటాయి. మెదక్ పల్లె నుంచి వచ్చిన పెద్దాయన పెంగ్విన్ పేరు చెప్పలేకపోతే అది జబ్బు కాదు.

తరువాత, ఒక నిమిషంలో 'పి' అక్షరంతో మొదలయ్యే ఇంగ్లీషు మాటలు చెప్పమంటారు. తెలుగులో 'ప'తో మొదలయ్యే మాటలంటే పలక, పడవ మాత్రమేనా, పిల్లి, పూలు, పెరుగు కూడానా? గుణింతం మీద ముందే నిర్ణయం చేయకపోతే మార్కులు వేసే ఒక్కొక్కరు ఒక్కొక్క లెక్క వేస్తారు. అసలు అక్షరమే తెలియని మనిషిని ఆ ప్రశ్న ఎలా అడగాలి? ఆపైన, రాసే తీరుకూ పలికే తీరుకూ పొంతన లేని ఇంగ్లీషు మాటలు చదివించే భాగం ఉంది. తెలుగులో రాసినట్టే చదువుతాం, కాబట్టి ఆ ప్రశ్న ఇక్కడ ఏమీ పరీక్షించదు. చివరికి ఘనాకారపు బొమ్మ చూసి గీయమంటే, జీవితంలో పెన్సిల్ పట్టని చేయి వణుకుతుంది.

ప్రతి అంశానికీ ఈ నేల మీద సమానమైనదాన్ని వెతికి, ఆరోగ్యవంతుల మీదా రోగుల మీదా ప్రయోగించి, చదువు స్థాయిని బట్టి ఎన్ని మార్కుల కింద అనుమానించాలో తేల్చాలి. అల్లాడి, సహచరులు ఈ పరీక్షను ఏడు భాషా రూపాల్లో తెచ్చిన పత్రం 2020లో వచ్చింది. అందులో హిందీ, తమిళం, కన్నడం, మలయాళం, ఉర్దూ, భారతీయ ఇంగ్లీషులతో పాటు తెలుగు కూడా ఉంది. ద్విభాషా పత్రం కంటే ఈ పని తక్కువ పేరు తెచ్చింది. దీని విలువ తక్కువ కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఐసీఎంఆర్ టూల్ బాక్స్ అంటున్నారు, అదేమిటి?

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో రూపొందిన పరీక్షల సంచి అది. జ్ఞాపకం, భాష, ధ్యాస, నిర్ణయ శక్తి వంటివాటిని పరీక్షించే అంశాలను హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో ఒకే ప్రమాణంతో తయారు చేశారు. వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు పరీక్షలు వాడినంతకాలం కోల్‌కతా లెక్కనూ హైదరాబాద్ లెక్కనూ పక్కపక్కన పెట్టలేం. ఆ ఇబ్బంది తీర్చడమే దీని ఉద్దేశం. ఈ పనిలో పాల్గొన్న పరిశోధకుల్లో అల్లాడి ప్రముఖులు.

ఘనతంతా ఒక్కరిదేనా? మిగతావాళ్ల పేర్లు ఎందుకు వినిపించవు?

2013 పత్రం మీద ఎనిమిది మంది పేర్లున్నాయి. వారిలో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించిన దుగ్గిరాల వసంత, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మేధాశాస్త్ర పరిశోధన చేసిన సూరంపూడి బాపిరాజు, నిమ్స్ నాడీ వైద్యుడు సుభాష్ కౌల్ ఉన్నారు. వైద్యులు మాత్రమే కూర్చుని ఉంటే ద్విభాషి అంటే ఎవరన్న దగ్గరే పని చిక్కుపడేది. భాషాశాస్త్రజ్ఞులు మాత్రమే ఉంటే రోగ నిర్ధారణ సాధ్యమయ్యేది కాదు.

ప్రభుత్వ విధానాల మీద దీని ప్రభావం ఏమైనా ఉందా?

నివారణ విధానాల్లో రెండో భాషకు ఇంకా చోటు లేదు. 2024లో 'లాన్సెట్' వైద్య పత్రిక ఏర్పరచిన నిపుణుల కమిషన్ మార్చుకోదగిన 14 ప్రమాద కారకాలను పేర్కొంటూ, వాటిని సరిదిద్దితే ప్రపంచంలో సుమారు 45 శాతం డిమెన్షియాను నివారించడమో ఆలస్యం చేయడమో సాధ్యమని అంచనా వేసింది. తక్కువ చదువు, వినికిడి లోపం, రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, ఒంటరితనం ఆ జాబితాలో ఉన్నాయి, ఏకభాషిగా ఉండటం లేదు. ఉన్న ఆధారం స్థాయికి అది న్యాయమైన నిర్ణయమే. భాషా విద్య వైపు మాత్రం ఆమె పని సాగింది: కేంబ్రిడ్జి ఆచార్యురాలు ఇయాంతి సింప్లి నేతృత్వంలో ఢిల్లీ, హైదరాబాద్, పాట్నా నగరాల బడిపిల్లల బహుభాషా అనుభవం మీద సాగిన ప్రాజెక్టులో అల్లాడి పాలుపంచుకున్నారు.

## ఇంట్లో పెద్దవారి కోసం చదువుతున్నవారికి

మా నాన్నగారికి 68 ఏళ్లు. ఇప్పుడు కొత్త భాష నేర్పిస్తే ఉపయోగం ఉంటుందా?

హైదరాబాద్ అధ్యయనం చూసింది జీవితమంతా రెండు భాషల్లో బతికినవారిని. 68వ ఏట ఫోన్‌లో పాఠాలు మొదలుపెట్టినవారికి ఆ నాలుగున్నరేళ్లు వర్తిస్తాయని దాని నుంచి చెప్పలేం. ఆయనకు ఇష్టమైతే తప్పక నేర్చుకోనివ్వండి, బలవంతం మాత్రం చేయకండి. ఆయన ఇంతకాలం ఆఫీసులో హిందీయో ఇంగ్లీషో మాట్లాడి, రిటైరయ్యాక ఆ అవసరం లేక మౌనంగా ఉంటుంటే, ఆ పాత స్నేహితులతో మాట్లాడే వీలు కల్పించడం అన్నిటికంటే తేలిక. వినికిడి తగ్గి ఉంటే ముందు చెవి పరీక్ష చేయించండి. రక్తపోటు, షుగర్ అదుపు గురించి వేరే చెప్పనక్కరలేదు.

మేము డల్లాస్‌లో ఉంటాం. పిల్లలకు తెలుగు నేర్పితే వాళ్లకు ముసలితనంలో డిమెన్షియా రాదని చెప్పవచ్చా?

చెప్పకండి. అది పరిశోధన అన్న మాట కాదు, పైగా అరవై ఏళ్ల తరువాతి లాభం చెబితే పదేళ్ల పిల్ల తెలుగు మాట్లాడదు. అమ్మమ్మతో ఫోన్‌లో మధ్యవర్తి లేకుండా మాట్లాడగలగడం ఆ పిల్లకు ఈ వారమే దక్కే లాభం. పరిశోధన నుంచి తీసుకోదగినది ఒకటుంది: అధ్యయనంలోని ద్విభాషులు రెండు భాషల్నీ నిత్యం వాడినవారు. ఆదివారం ఒక గంట తరగతి కంటే రోజూ అన్నం దగ్గర తెలుగులో సాగే కబుర్లు ఆ అనుభవానికి దగ్గరగా ఉంటాయి.

అమ్మను మెమరీ క్లినిక్‌కు తీసుకెళ్తున్నాం. పరీక్ష ఏ భాషలో చేయించాలి?

ఆమె జీవితంలో ఎక్కువగా వాడిన, ఇప్పుడు హాయిగా మాట్లాడుతున్న భాషలో చేయించాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషిని ఇంగ్లీషులోనో హిందీలోనో పరీక్షిస్తే, భాష రాకపోవడం వల్ల పోయిన మార్కులు జబ్బు లెక్కలో పడతాయి. తెలుగు రూపం ఉందా అని ముందే అడగండి. మీరు పక్కన కూర్చుని అప్పటికప్పుడు ప్రశ్నలు అనువదించకండి, ఎందుకంటే మీకు తెలియకుండానే జవాబు అందిస్తారు. ఎంతవరకు చదివింది, ఏ భాషలు ఎవరితో మాట్లాడేది, ఏ పండుగ దగ్గర మొదటి తేడా కనిపించింది అన్నవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. కళ్లజోడు, వినికిడి యంత్రం మరవకుండా వెంట తీసుకెళ్లండి, పొద్దున అమ్మ నిద్ర తీరి తేటగా ఉన్న సమయానికి అపాయింట్‌మెంట్ అడగండి.